విద్యుత్తు కారు: గృహస్థుని జమాఖర్చు

కొత్త వస్తువేది అంగడికి వచ్చినను దానిచుట్టు రెండు పక్షములు బయలుదేరుట లోకసహజము. ఒక పక్షమువారు దానిని ఆకాశమున కెత్తుదురు. రెండవ పక్షమువారు తాకిచూడకయే త్రోసివేయుదురు. విద్యుత్తుతో నడచు కారును గూర్చి నేడు మన పట్టణములలో ఇట్టి వాదమే సాగుచున్నది. మనకు ఈ పొగడ్తతోను పనిలేదు, ఆ తెగడ్తతోను పనిలేదు. మన పెద్దలు సంతలో ఎద్దును కొనునప్పుడు కొమ్ముల సొగసు చూచి సంచి విప్పలేదు. అది ఎంత మేయును, ఎంత దున్నును అని విచారించిరి. కారునకును ఆ పరీక్షయే తగినది.

తెనాలిలో కాపురముండి గుంటూరులో వర్తకము సాగించు ఒక గృహస్థుని ఊహింతము. పోకరాకలు కలిసి దినమునకు రమారమి 50 కిలోమీటర్లు. ఏట 300 దినములు తిరిగినచో 15,000 కిలోమీటర్లగును. పెట్రోలు కారు లీటరునకు 15 కిలోమీటర్లు నడచుననుకొన్నచో ఏడాదికి 1,000 లీటర్లు కావలయును. లీటరు 110 రూపాయల చొప్పున 1,10,000 రూపాయలు. విద్యుత్తు కారు, చార్జింగులో పోవు తఱుగును కలుపుకొని, యూనిటునకు 6 కిలోమీటర్లు నడచుననుకొందము. 2,500 యూనిట్లు చాలును. ఇంటి మీటరుపై హెచ్చు శ్లాబు ధరను, అదనపు వడ్డనలను చేర్చి యూనిటు 10 రూపాయలని వేసినను 25,000 రూపాయలే. ఏడాదికి మిగులు 85,000 రూపాయలు.

ఇంతటి వ్యత్యాసమునకు కారణము సుబోధకమే. ఒక లీటరు పెట్రోలునందు దాదాపు 9 యూనిట్ల విద్యుత్తునకు సరిపోవు శక్తి యున్నది. అందులో అధికభాగము వేడియై ఇంజనునుండియు పొగగొట్టమునుండియు గాలిలో కలిసిపోవును. బండిని నడపుటకు మిగులునది నాలుగవ వంతునకు అటునిటుగా మాత్రమే. విద్యుత్తు మోటారు తనకిచ్చిన శక్తిలో నూటికి 80 పాళ్లకు పైగా చక్రములకు చేర్చగలదు. పైగా ఇంజను ఆయిలు, క్లచ్చి, స్పార్కు ప్లగ్గులు మున్నగువాని ఖర్చే దీనికి లేదు. వాలులో దిగునప్పుడును, వేగము తగ్గించునప్పుడును మోటారు తిరుగబడి బ్యాటరీలోనికి కొంత శక్తిని మరల పంపును. 2022 సెప్టెంబరునుండి తిరుపతి తిరుమలల నడుమ విద్యుత్తు బస్సులు తిరుగుచున్నవి. ఏడుకొండల దారి నెక్కుట ఈ మోటారునకు అసాధ్యమను శంక దానితో తీరినది.

ఇక ఖర్చు పక్షము చూడవలయును. విద్యుత్తు కారు కొనుగోలు ధర హెచ్చు. సమానమైన పెట్రోలు కారుకంటె నాలుగు లక్షలు అధికమనుకొందము. దీనిపై వస్తుసేవల పన్ను 2019 ఆగస్టునుండి నూటికి 5 మాత్రమే. అయితే 2025 సెప్టెంబరులో చిన్న పెట్రోలు కార్లమీది పన్ను 18 పాళ్లకు తగ్గుటచే ఈ లాభము కొంత కుంచించుకొనిపోయినది. తెలంగాణ ప్రభుత్వము 2024 నవంబరు విధానమునుబట్టి 2026 డిసెంబరు 31 వఱకు రహదారి పన్నును, రిజిస్ట్రేషను రుసుమును మినహాయించినది. ఇట్టి రాయితీలను కొనువారు కొనునాటి ఉత్తరువులనుబట్టి విచారించుకొనవలయును. రాయితీ యేమియు లేకున్నను మన గృహస్థునకు ఆ నాలుగు లక్షలును ఐదేండ్లలో తీరును. నూటికి తొమ్మిది వడ్డీ కట్టినను ఏడేండ్ల లోపల తీరును. బ్యాటరీకి పెక్కు కంపెనీలు ఎనిమిదేండ్ల హామీ యిచ్చుచున్నవి. హామీ ముగియక మునుపే బాకీ తీరుట ఈ లెక్కలో ముఖ్యాంశము.

కాని ఇదే లెక్క మఱియొకనికి తలక్రిందులు కావచ్చును. పండుగలకు, పెండ్లిండ్లకు మాత్రమే కారు తీసి ఏడాదికి 5,000 కిలోమీటర్లు తిరుగువానికి మిగులు 28,000 రూపాయలు. అసలు తీరుటకే పదునాలుగేండ్లు పట్టును. అతనికి పాత పెట్రోలు కారే మేలు. ఇంటియొద్ద చార్జింగు వసతి లేక బజారు చార్జింగుపై ఆధారపడువానికి యూనిటు ధర ఇంటి ధరకు ఇబ్బడి కావచ్చును. అతనికిని లాభము సన్నగిల్లును. తఱచు రాత్రింబవళ్లు దూరప్రయాణము చేయువాడు దారిలోని చార్జింగు స్థలములను ముందుగా తెలిసికొనక కొనరాదు.

సొంత యిల్లు గలవారికి వసతి కష్టము కాదు. పదునైదు ఆంపియర్ల ప్లగ్గు, మంచి ఎర్తు ఉన్నచో గంటకు మూడు యూనిట్ల వంతున ఎనిమిది గంటలలో 24 యూనిట్లు, అనగా 140 కిలోమీటర్ల దారికి సరిపడు విద్యుత్తు, తెల్లవారునప్పటికి సిద్ధము. ఇంటి మంజూరు లోడు చాలునో లేదో ముందుగా విద్యుత్తు కార్యాలయమున అడుగవలయును. మిద్దెమీద 3 కిలోవాట్ల సౌరఫలకములు వేసికొన్నచో దినమునకు సగటున 12 యూనిట్లు పుట్టును. 2024 ఫిబ్రవరిలో మొదలైన కేంద్ర పథకము క్రింద దీనికి 78,000 రూపాయల సహాయము కలదు. భూస్వాములకు ఒక్క మాట: సేద్యమునకు ఉచితముగా వచ్చు విద్యుత్తును తోటలోని కారునకు తగిలించుట నేరమే గాక, సాటి రైతుకు ద్రోహము.

బ్యాటరీకి మన వేసవి వేడిమి హితవు కాదు. బండిని నీడను నిలుపుట, నిత్యమును నిండుగా నింపక 80 పాళ్లతో ఆపుట, వేగపు చార్జింగును అవసరమునకే వాడుట దాని ఆయుస్సును పెంచును.

దేశపు లెక్కయు ఈ గృహస్థుని లెక్కతో ముడిపడియున్నది. మన దేశము వాడు ముడినూనెలో నూటికి 85 పాళ్లకు పైగా పరదేశములనుండి వచ్చును. ఎక్కడనో యుద్ధము పుట్టిన ఇచ్చట ధర పొంగును. విద్యుత్తులో అధికభాగము నేటికిని బొగ్గునుండియే పుట్టుచున్నను, ఆ బొగ్గు హెచ్చుగా మన గనులదే, సింగరేణి అందొకటి. బ్యాటరీ కణములు విశేషముగా చైనానుండియే వచ్చుచున్నవి గదా యని ఆక్షేపింపవచ్చును. ఆక్షేపణ సత్యమే. కాని కణములు ఒకసారి కొని ఏండ్లతరబడి వాడునవి. నూనె కొన్ననాడే కాలి బూడిదయైనను మిగల్చనిది. నాగలి కొనుటకు చేసిన అప్పు వేఱు, విందుకు చేసిన అప్పు వేఱు.

కావున పాఠకులు పొరుగింటి కారు చూచి కొనవలదు. పొరుగువాని మాట విని మానవలదు. గడచిన ఏడాది పెట్రోలు బిల్లులు ముందఱ పెట్టుకొని, తిరిగిన దూరమును కాగితముపై వేసికొని, ఒక సాయంకాలము కూర్చుండి కూడుడు. ఆ కూడికయే ఉత్తరము చెప్పును.