మిడతలు నేర్పిన డార్విన్

1899 ఎండాకాలం. అమెరికాలోని టెక్సాస్‌లో ఫెంట్రెస్ అనే చిన్న ఊరు. పత్తి జిన్నింగు మిల్లున్న కలవారి ఇల్లు. ఏడుగురు పిల్లల్లో ఆరుగురు మగపిల్లలు, ఒక్కతే ఆడపిల్ల. ఆ పదకొండేళ్ల పిల్లే కల్పూర్నియా టేట్. జాక్వెలిన్ కెల్లీ 2009లో రాసిన 'ది ఎవల్యూషన్ ఆఫ్ కల్పూర్నియా టేట్' నవలంతా ఈ పిల్ల నోటితోనే నడుస్తుంది. మరుసటి ఏడాది దీనికి న్యూబెరీ ఆనర్ గుర్తింపు దక్కింది.

కథ మిడతల దగ్గర మొదలవుతుంది. ఆ ఏడు వానల్లేక గడ్డంతా ఎండిపోయింది. ఆకుపచ్చ మిడతలేమో చిన్నవి, పసుపువి మాత్రం బాగా పెద్దవి. ఎందుకని? ఇంట్లో అందరూ భయపడే తాతగారి దగ్గరకు ధైర్యం చేసి వెళ్లి అడిగింది. ఆయన జవాబు చెప్పలేదు, నువ్వే తేల్చుకుని రమ్మన్నాడు. పిల్ల గడ్డిలో కూర్చుని చూసింది. ఎండుగడ్డి మీద పచ్చ మిడత పిట్ట కంట్లో ఇట్టే పడుతుంది, ఎదగకముందే పోతుంది. పసుపుది గడ్డిలో కలిసిపోతుంది కాబట్టి బతుకుతుంది, బతికింది కాబట్టి పెరుగుతుంది. రెండూ ఒకే జాతి!

ఇక్కడ కాస్త ఆగాలి. పరిణామం అంటే మిడత ఎండను చూసి రంగు మార్చుకోవడమని చాలామంది అనుకుంటారు. అలా కాదు. పుట్టుకతోనే కొన్ని కాస్త పసుపుగా, కొన్ని కాస్త పచ్చగా ఉంటాయి. ఏది మిగలాలో ఆ ఏటి గడ్డి, పిట్టలు కలిసి తేలుస్తాయి. మిగిలినవాటి రంగు పిల్లలకూ వస్తేనే తరాల మీద మార్పు కనిపిస్తుంది. వానలు బాగా పడి గడ్డి పచ్చబడితే లెక్క తారుమారే. డార్విన్ 1859లో పుస్తకం మొత్తం రాసి చెప్పిన సంగతికి ఇది తొలి మెట్టు. ఆ పుస్తకం కోసం కల్పూర్నియా వెళ్తే లాక్‌హార్ట్ లైబ్రరీలో ఇవ్వలేదు. తాతగారి బీరువాలో దొరికింది.

ఇక హాస్యం సంగతి. రచయిత్రి జోకులు వేయదు. పిల్ల మిడతలను చూసిన కళ్లతోనే ఇంట్లోవాళ్లనూ చూస్తుంది, నవ్వు అక్కడ పుడుతుంది. ముగ్గురు అన్నదమ్ములు ఆమె స్నేహితురాలి మీదే మనసు పడతారు. జంతువులంటే ప్రాణమిచ్చే తమ్ముడు ట్రావిస్‌కు టర్కీ కోళ్లను సాకే పని అప్పజెబుతారు. వాడు వాటికి పేర్లు కూడా పెట్టేశాక, అవి థ్యాంక్స్‌గివింగ్ విందు కోసమని తెలుస్తుంది. పెకాన్ గింజల నుంచి విస్కీ తీయాలన్నది తాతగారి పట్టుదల. క్రిస్మస్ కానుకగా వచ్చిన పుస్తకం పేరులో 'సైన్స్' అన్న మాట చూసి కల్పూర్నియా పొంగిపోతుంది. తీరా చూస్తే అది ఇల్లు దిద్దుకునే శాస్త్రం! అమ్మ దృష్టిలో వంట, కుట్లు, అల్లికలే ఆడపిల్ల చదువు. ఆ పేజీ దగ్గర నవ్వొస్తుంది, వెంటనే కోపమూ వస్తుంది. ఆ దేశంలో ఆడవాళ్లందరికీ ఓటు హక్కుకు రాజ్యాంగ హామీ రావడానికి అప్పటికింకా 20 ఏళ్లకు పైనే ఉంది మరి.

నాకు అన్నిటికన్నా నచ్చింది వెచ్ మొక్క ఘట్టం. అది బఠానీ కుటుంబపు మొక్క. తాతకూ మనవరాలికీ కొత్త రకంలా తోచి, నమూనాను స్మిత్సోనియన్ సంస్థకు పంపాలనుకుంటారు. తీరా ఎక్కడ దొరికిందని తాతగారు అడిగితే, పిల్ల ఆ చోటు నోట్‌బుక్‌లో రాసుకోలేదు. ఇక మొక్క కోసం వెతుకులాటే వెతుకులాట. శాస్త్రంలో సగం పని గుమాస్తా పనేనని ఇంత సరదాగా చెప్పిన పిల్లల పుస్తకాలు తక్కువ. స్మిత్సోనియన్ నుంచి ఏ జవాబు వచ్చిందో మాత్రం చెప్పను.

లోపాలున్నాయి. కథకు బిగువు తక్కువ, విడివిడి సంఘటనల దండలా సాగుతుంది. బానిసత్వం పోయి పట్టుమని నాలుగు దశాబ్దాలైనా కాని దక్షిణాది అది. వంటింట్లో చాకిరీ చేసే నల్లజాతి మహిళ వయోలా మనసులో ఏముందో మనకు పెద్దగా తెలియదు. 2015లో వచ్చిన రెండో నవలలో కల్పూర్నియా పశువైద్యం వైపు మళ్లుతుంది. చదివేవాళ్లు మాత్రం మొదటిదానితోనే మొదలుపెట్టాలి, మిడతలున్నది అందులోనే.