నాన్నగారి కంప్యూటర్‌కు ఏ లినక్స్?

నరసరావుపేటో, చిలకలూరిపేటో, అద్దంకో, మన ఇళ్లలో మనం వదిలి వచ్చిన ల్యాప్‌టాప్ ఒకటి ఇంకా పనిచేస్తూనే ఉంటుంది. విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ మామూలు మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. విండోస్ 11 కావాలంటే టీపీఎం 2.0 అనే భద్రతా ఏర్పాటుతో పాటు కాస్త కొత్త ప్రాసెసరు ఉండాలి. అవి లేవని బాగున్న యంత్రాన్ని అటక మీద పడేయనక్కర్లేదు, లినక్స్ వేయొచ్చు.

ఏ లినక్స్ అన్నదే ప్రశ్న. తేజ, 334 రెండూ మిరపే అయినా రైతు తన నేలనూ నీటినీ చూసుకునే విత్తనం తెస్తాడు. డల్లాస్‌లో ఉండే మనకు నచ్చింది అమ్మానాన్నలకు నప్పకపోవచ్చు. ఆర్చ్ లినక్స్‌లో మార్పులు వస్తూనే ఉంటాయి. ఫెడోరా ఒక్కో విడుదలకు మద్దతు సుమారు 13 నెలలే. ఇంత దూరాన ఉండి ఏటా అప్‌గ్రేడ్ చేయించడం ఎవరి తరం? అందుకే దీర్ఘకాల మద్దతున్నదే ఎంచుకోవాలి. ఉబుంటు 24.04, దాని ఆధారంగా వచ్చిన లినక్స్ మింట్ 22 రెండింటికీ 2029 వరకు ఢోకా లేదు. నా ఓటు మింట్‌కే. కింద ఎడమ మూల మెనూ కనిపిస్తుంది కాబట్టి విండోస్ అలవాటున్న పెద్దవాళ్లు తడుముకోరు. ర్యామ్ 4 జీబీయే ఉంటే ఎక్స్‌ఎఫ్‌సీఈ ఎడిషన్ తీసుకోండి.

తెలుగు సంగతి మాత్రం తీరిగ్గా చూడాలి. టైపింగుకు వాడే ఐబస్‌లో ఎం17ఎన్ జోడిస్తే ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డుతో పాటు ఆర్‌టీఎస్ కూడా వస్తుంది. హ్యూస్టన్‌లోని రైస్ విశ్వవిద్యాలయంలో మనవాళ్లు రూపొందించిన పద్ధతి అది. ఇంగ్లీషు అక్షరాలతో కొడితే తెలుగు పడుతుంది. ప్రవాసుల సంస్థ సిలికానాంధ్ర స్వేచ్ఛా లైసెన్సుతో అందించిన మండలి, రామభద్ర ఫాంట్లను కూడా వేసిపెట్టండి. ప్రవాసుల శ్రమ ఇలా సొంత ఊరి ఇంటి తెర మీద అక్షరాలై కనిపించడం నాకెంతో ఇష్టం. తెలుగులోనే కంప్యూటర్ నడవాలని 2005లో స్వేచ్ఛ ఓఎస్ తెచ్చిన కార్యకర్తలకూ మనం రుణపడి ఉన్నాం.

అందరికీ లినక్స్ పెట్టమని మాత్రం చెప్పను. అను ఫాంట్లతో పేజ్‌మేకర్‌లో పనిచేసే డీటీపీ దుకాణానికీ, ట్యాలీలో లెక్కలు రాసే మిర్చి యార్డు కమీషన్ వ్యాపారికీ విండోసే సుఖం. మీభూమి సైటులో పొలం అడంగల్ చూసుకోవడం, బ్యాంకు పని, యూట్యూబ్, ఈనాడు చదవడం వరకే అయితే బ్రౌజర్ ఒక్కటి చాలు. వాట్సాప్‌కు లినక్స్‌లో అధికారిక యాప్ లేదు. దాన్నీ బ్రౌజర్‌లోనే తెరవాలి. జూమ్‌కైతే ఉంది.

సెలవులకు వెళ్లేటప్పుడే మింట్‌ను పెన్‌డ్రైవ్‌లో ఎక్కించుకు వెళ్లండి. డౌన్‌లోడ్ సుమారు 3 జీబీ. హార్డ్ డిస్కును ముట్టకుండా ముందు పెన్‌డ్రైవ్ నుంచే నడిపి వైఫై, ధ్వని, కెమెరా, ప్రింటరు సరిచూడండి. పాత ఫోటోలు వేరే డిస్కులోకి ఎక్కించాకే ఇన్‌స్టాల్ చేయండి. తిరుగు ప్రయాణానికి ముందు ఏదైనా చెడితే సిస్టమ్‌ను పాత స్థితికి తెచ్చే టైమ్‌షిఫ్ట్ ఆన్ చేసి, దూరం నుంచి సాయం చేయడానికి ఎనీడెస్క్ పెట్టి, దాని నంబరు ఎక్కడ కనిపిస్తుందో నాన్నగారికి ఒకసారి చూపించండి.