తాడి, ఈత, జీలుగ, శ్రీతాళం: ఒకే కుటుంబం, వేర్వేరు నెలవులు

చెన్నై శివారు చెరువుల గట్లమీద, తూర్పు తీరపు ఇసుక నేలల్లో కొమ్మలు లేకుండా నిటారుగా పెరిగిన చెట్లన్నిటినీ ‘తాటిచెట్లు’ అనడం పరిపాటి. వాటిలో ఈతలు కూడా ఉంటాయి. ఉద్యానాల్లో జీలుగలు కనిపిస్తాయి. ఇవన్నీ తాళ కుటుంబానికి చెందినవే. అయినా ఆకు, పూత, నెలవు, ఆయుర్దాయం దేనికదే ప్రత్యేకం. ఈ భేదం తెలిసినప్పుడే ఏ చెట్టును ఎలా కాపాడుకోవాలో బోధపడుతుంది.

ఆకును బట్టి గుర్తింపు

తాడి, శ్రీతాళం ఆకులు విసనకర్రలా విచ్చుకొంటాయి. తాటిమట్ట అంచుల వెంట నల్లని రంపపు పళ్లుంటాయి. శ్రీతాళపు ఆకు ఐదు మీటర్ల వెడల్పు వరకు పెరుగుతుంది. తాటాకు కంటే మెత్తగా ఉండటంచేత పూర్వం గ్రంథాలు రాసేందుకు దానిని ఆదరించారు. ఈత ఆకు పక్షి ఈకను పోలి ఉంటుంది; మట్ట మొదట్లోని చిన్న ఆకులు గట్టి ముళ్లుగా మారుతాయి. జీలుగ చిన్న ఆకులు చేపతోక ఆకారంలో ఉంటాయి గనుక దానిని ఇట్టే గుర్తుపట్టవచ్చు.

నెలవులు

తాడి ఎండను, నీటి ఎద్దడిని ఓర్చుకొంటుంది. మైదానాలు, పొలం గట్లు, సముద్రతీరపు ఇసుక నేలలు దానికి అనువైనవి. చెన్నై తీరాన ఉన్న పనైయూరు పేరులోని ‘పనై’ తాడిచెట్టే. ఈత వాగుల ఒడ్డున, చెరువు లోతట్టున, బంజరుల్లో దానంతటదే మొలుస్తుంది. జీలుగ తేమగల కొండప్రాంతాలది. పడమటి కనుమల్లోను, తూర్పు కనుమల మన్యంలోను పెరుగుతుంది. శ్రీతాళం వానలు మెండుగా కురిసే మలబారు తీరంలోను, శ్రీలంకలోను కనిపిస్తుంది.

పూత, కాపు, ఆయువు

తాడిలోను, ఈతలోను ఆడ, మగ చెట్లు వేరు. తాటికాయలో సాధారణంగా మూడు ముంజలుంటాయి. తెలుగువారి ముంజనే తమిళులు నుంగు అని, మరాఠీలు తాడ్‌గోళా అని పిలుస్తారు. తాడి కాపుకు రావడానికి పన్నెండు నుంచి ఇరవై ఏళ్లు పడుతుంది. ఆ తరువాత అనేక దశాబ్దాలు కాస్తూనే ఉంటుంది. కాయలు కాయదని పోతుతాడిని కొట్టివేయడం పొరపాటు. దాని పుప్పొడి లేనిదే ఆడచెట్టు విత్తనం కట్టదు.

జీలుగ పూగుత్తులు పైనుంచి కిందికి వరుసగా వెలువడతాయి. చివరి గుత్తి పండిన తరువాత ఆ మాను ఎండిపోతుంది. దాని పండు తాకితే దురద పుడుతుంది గనుక పిల్లలు ఆడుకొనే చోట జాగ్రత్త అవసరం. శ్రీతాళం కొన్ని దశాబ్దాలు పెరిగి, జీవితంలో ఒకేసారి బ్రహ్మాండమైన పూగుత్తిని వెలువరించి, కాయలు పండాక మరణిస్తుంది.

ఒకే మొవ్వు, ఒకే ప్రాణం

వేప, రావి వంటి చెట్ల కొమ్మలు నరికితే మళ్లీ చిగురిస్తాయి. తాడికి ఆ అవకాశం లేదు. దాని ఎదుగుదల అంతా మాను కొనన ఉన్న ఒక్క మొవ్వులోనే ఉంటుంది. విద్యుత్ తీగలకు అడ్డమని తల నరికితే చెట్టు చచ్చిపోతుంది. మానుకు తగిలిన గాయం కూడా పూడదు. అందుచేత ప్రకటన పలకలకోసం మేకులు కొట్టడం, బిగుతుగా తీగలు చుట్టడం, మొదట్లో చెత్త తగులబెట్టడం మానుకోవాలి. పచ్చి మట్టలను అదేపనిగా నరికితే చెట్టు బలహీనపడటమే కాక, తాటాకులకు గూళ్లు అల్లుకొనే గిజిగాళ్లు నెలవు కోల్పోతాయి.

తాడి తమిళనాడు రాష్ట్ర వృక్షం. దానిని తప్పనిసరై నరకవలసివస్తే జిల్లా కలెక్టరు అనుమతి తప్పనిసరి అని 2021లో రాష్ట్ర ప్రభుత్వం ప్రకటించింది. సొంత స్థలమైనా గొడ్డలి ఎత్తే ముందు అనుమతి విషయం విచారించుకోవాలి.

కొత్తగా నాటదలచినవారు పండిన తాటికాయల టెంకలను చెట్టు పెరగవలసిన చోటనే పాతిపెట్టడం మేలు. మొలక, అంటే తేగ, నేలలోకి లోతుగా దిగుతుంది గనుక మొక్కను పెకలించి మరొకచోట నాటితే బతకడం కష్టం. నేడు పాతిన టెంక ఫలితం రేపటి తరానికి అందుతుంది. నేడు నరికిన తాడి లోటు తీరడానికి కూడా అంతకాలమే పడుతుంది.