సమ్మెకు ముందు ఓటు

నడికుడి జంక్షనులోగాని, నరసరావుపేట స్టేషనులోగాని పనిచేయు రైల్వే కార్మికుడు సమ్మెలో చేరినచో, ఆ దినముల జీతము ఇంటికి రాదు. రైలు నిలిచినచో గుంటూరు ఆసుపత్రికి పోవలసిన పల్లెవాసియు చిక్కుపడును. ఇట్టి నిర్ణయము నలుగురు నాయకులు మాత్రమే చేయదగినది కాదు. కావుననే పలు యూనియన్లు ముందుగా సభ్యుల ఓటు కోరుచుండును.

ఓటు జరుగు తీరు సులభమైనదే. కార్యవర్గము తీర్మానము చేయును. కోరికలు సభ్యులకు తెలుపబడును. సమ్మెకు సమ్మతియా, కాదా అను ప్రశ్నగల చీటీపై సభ్యుడు గుర్తు పెట్టి పెట్టెలో వేయును. ఓటు రహస్యమైనచో తోటివారికిగాని, అధికారులకుగాని వెరవనక్కరలేదు.

2023 నవంబరులో, పాత పింఛను విధానమును పునరుద్ధరింపవలెనని కోరుచు, రైల్వే యూనియన్లు దేశమంతట ఇట్టి ఓటు జరిపినవి. 2004 జనవరి 1 నుండి కొలువున చేరినవారికి ఆ విధానము వర్తింపకుండుటయే వివాదము. ఓటువేసినవారిలో అత్యధికులు సమ్మెకు సమ్మతించిరి. అయినను రైళ్లు నిలువలేదు. 2024 ఆగస్టు 24న కేంద్ర మంత్రివర్గము ఏకీకృత పింఛను పథకమును ఆమోదించెను. పాత విధానము తిరిగి రాలేదు. కాని 25 ఏండ్లు పనిచేసినవారికి చివరి 12 నెలల సగటు మూలవేతనములో సగము పింఛనుగా హామీ లభించెను.

దీనివలన మనము గ్రహింపవలసినది ఒకటి కలదు. ఓటు సమ్మెకు ఆరంభము కాదు. నాయకులకు సభ్యులిచ్చు అనుమతి మాత్రమే. ఆ అనుమతితో వారు చర్చలకు కూర్చుండవచ్చును.

బ్రిటనులో 1984 చట్టము మొదలుకొని, రహస్య ఓటు లేక సమ్మెకు పిలుపిచ్చిన యూనియను చట్టరక్షణ కోల్పోవును. మన కేంద్ర చట్టము ఓటును నిర్బంధము చేయలేదు. అది యూనియను నియమావళినిబట్టి యుండును. నోటీసు మాత్రము తప్పనిసరి. 2025 నవంబరు 21న అమలులోనికి వచ్చిన పారిశ్రామిక సంబంధాల స్మృతి ప్రకారము, నోటీసు ఇచ్చిన 14 దినములలోపల సమ్మె చేయరాదు. ఆ నోటీసు 60 దినములకు మించి పాతదియు కారాదు. రాజీ ప్రయత్నము సాగుచున్నంతకాలము, అది ముగిసిన పిదప 7 దినములవరకు సమ్మె నిషిద్ధము. పూర్వము ముందస్తు నోటీసు నియమము ముఖ్యముగా రైల్వేలవంటి ప్రజోపయోగ సేవలకే యుండెడిది. నేడు పల్నాటి సిమెంటు కర్మాగారములలోని కార్మికులును దీనిని పాటింపవలెను.

కావున చీటీపై గుర్తుపెట్టుటకు ముందే మూడు సంగతులు అడిగి తెలిసికొనుడు: కోరిక యేమి? నోటీసు ఎప్పుడు? జీతము లేని దినములు ఎన్ని కావచ్చును? తెలిసి వేసిన ఓటే యూనియనుకు బలము.