తాడుకు ఇవతలి కొస

"కుక్కకి పరీక్షలేమిటండీ? మన పిల్లలకి పెట్టినవి చాలవూ?" అని రెండేళ్ళ క్రితం దీపావళి పాట్‌లక్‌లో ఒక పెద్దాయన అడిగారు. ఇండియాలో ఫిజిక్స్ లెక్చరర్‌గా రిటైరై, కొడుకు దగ్గరికి వచ్చి ఉంటున్నారు. అప్పుడు నవ్వి ఊరుకున్నాను. ఆ పరీక్ష కుక్కకి కాదనీ, దాన్ని పట్టుకు నడిచేవాడికనీ నాకు తెలిసేసరికి రెండు ఎంట్రీ ఫీజులు పోయాయి.

ఒబీడియెన్స్ ట్రయల్ అంటే ఏమిటో ముందు చెప్పాలి. హెలెన్ వైట్‌హౌస్ వాకర్ అనే ఆవిడ, తన పూడుల్ కుక్కలు అందానికే కాదు, తెలివికీ తీసిపోవని చూపించాలని 1933లో న్యూయార్క్ రాష్ట్రంలోని మౌంట్ కిస్కోలో ఇలాంటి పోటీ మొదటిసారి పెట్టించారు. 1936లో అమెరికన్ కెన్నెల్ క్లబ్ దీనికి నియమాలు ఏర్పరిచింది. మొదటి మెట్టు నోవిస్. మొత్తం 200 మార్కులు. కుక్క మన ఎడమ పక్కన తాడుతో నడవాలి, తర్వాత తాడు లేకుండా నడవాలి, జడ్జి వచ్చి తాకినా కదలకుండా నిలబడాలి, దూరం నుంచి పిలిస్తే నేరుగా వచ్చి ఎదురుగా కూర్చోవాలి, ఉండమన్నచోట ఉండాలి. 170 మార్కులు రావాలి, పైగా ప్రతి అంశంలోనూ సగానికి మించి రావాలి. ఇలా మూడుసార్లు గట్టెక్కితే కుక్క పేరు వెనక 'సి.డి.' అని రెండక్షరాలు చేరతాయి. రింగులోకి బిస్కెట్లు తీసుకెళ్ళకూడదు. ఆజ్ఞ ఏ భాషలో ఇచ్చినా ఫరవాలేదు. మా గోల్డెన్ రిట్రీవర్ చిట్టికి తెలుగే వచ్చు.

మొదటిసారి రింగులో నిలబడగానే నోరెండిపోయింది. ఇంజనీరింగ్ వైవాలో ఎక్స్‌టర్నల్ ఎదుట కూర్చున్నప్పటి పరిస్థితే. సమాధానం తెలుసు, గొంతు రాదు. పిలవాల్సిన ఘట్టం వచ్చింది. "చిట్టీ, రా" అన్నాను. ఇంట్లో ఆజ్ఞలా వినిపించే ఆ "రా" అక్కడ ప్రశ్నలా వచ్చింది. చిట్టి తల పక్కకి వంచి నావైపే చూస్తూ కూర్చుంది. ఆగలేక మళ్ళీ పిలిచాను. రెండోసారి పిలిస్తే ఆ అంశానికి సున్నా. బయటికొచ్చి అందరితో "ఇంట్లో అన్నీ చేస్తుందండీ" అన్నాను. రింగు పక్కన ఓడిపోయినవాళ్ళందరూ అనే మాట అదే. ఎక్కడో విన్నట్టు లేదూ? "ఇంట్లో బాగానే చదువుతాడండీ!"

రెండోసారీ తప్పాం. అయితే కాలేజీ నుంచి సెలవులకి వచ్చిన మా అమ్మాయి ఈసారి వీడియో తీసింది. ఆ రాత్రి దాన్నీ, మా బేస్‌మెంట్ ప్రాక్టీసు వీడియోనీ పక్కపక్కన పెట్టి బగ్గు వెతికినట్టు వెతికాను. ఇంట్లో నిమిషానికి 116 అడుగులు వేస్తున్నాను, రింగులో 94. చిట్టి వస్తోందో లేదోనని వెనక్కి చూడడంలో నా ఎడమ భుజం వెనక్కి తిరుగుతోంది. తాడు పట్టుకున్న చెయ్యి ఛాతీదాకా లేచింది. తాడు బిగుసుకుంటే మార్కులు పోతాయి. అంతకంటే పెద్ద సంగతి, భుజం అలా తిరిగితే కుక్కకి "వెనక్కి తగ్గు" అన్నట్టే. పాపం, అది చెప్పినట్టే చేసింది! దాన్ని భయపెట్టింది పోటీ కాదు. ఎప్పుడూ చూడని నడకతో, ఎప్పుడూ వినని గొంతుతో ఒక కొత్త మనిషి దాని పక్కన నడిచాడు.

మా అమ్మాయి తెర మీద నా మొహం చూపించి, "నాన్నా, ఇక్కడినుంచి ఇక్కడిదాకా నువ్వు ఊపిరి తీసుకోలేదు. స్పెల్లింగ్ బీలో కూడా ఇంతే. మూడో వరసలో కూర్చుని బిగపట్టేవాడివి. నిన్ను చూడగానే నాకు అక్షరాలు పోయేవి" అంది. ఆరో తరగతిలో ఆ పిల్ల తప్పిన మాట నాకిప్పటికీ గుర్తుంది. తెలిసిన మాటే ఎందుకు తప్పిందని కారులో ఇంటిదాకా అడుగుతూనే వచ్చానన్నదీ గుర్తుంది. జవాబు ఎనిమిదేళ్ళ తర్వాత వచ్చింది. ఆ రాత్రి ఇంకేమీ మాట్లాడలేకపోయాను.

కంగారుని కుక్క దగ్గర దాచడం కుదరని పని. 2022లో బెల్‌ఫాస్ట్‌లోని క్వీన్స్ యూనివర్సిటీ వాళ్ళు 36 మందికి కష్టమైన నోటిలెక్క ఇచ్చి, దానికి ముందూ తర్వాతా వాళ్ళ చెమట, ఊపిరి నమూనాలు తీశారు. శిక్షణ పొందిన 4 కుక్కలు కంగారు నమూనా ఏదో నూటికి దాదాపు 94 సార్లు సరిగ్గా పట్టేశాయి. రింగు పక్కన కొందరు పిప్పరమెంటు చప్పరిస్తారు. నేనూ చప్పరించాను. చెమటకేం చేస్తాం? అయితే వాసన తెలియడం వేరు, దాంతో కుక్క బెదిరిపోవడం వేరు. ఈ ప్రయోగం మొదటిదే చెబుతుంది. అందుకని వాసన సంగతి వదిలేసి, నా చేతిలో ఉన్నవాటి మీద పడ్డాను. అవి అడుగు, భుజం, గొంతు, ఊపిరి.

నాలుగు నెలలు ఎక్కడా ఎంట్రీ వెయ్యలేదు. ఫోన్లో మెట్రోనోమ్ 116కి పెట్టుకుని, చిట్టి లేకుండా ఒక్కణ్ణే డ్రైవ్‌వేలో నడిచేవాణ్ణి. కళ్ళు ఎదురుగా ఉన్న మెయిల్‌బాక్స్ మీద. ఉత్త చేత్తో లేని తాడు పట్టుకుని తిరిగే నన్ను చూసి పక్కింటావిడ ఏమనుకుందో అడగలేదు. గుండె దడదడలాడుతుంటే మామూలు గొంతుతో పిలవడం ఎలాగో నేర్చుకోవాలి కదా, అందుకని బేస్‌మెంట్ మెట్లు నాలుగుసార్లు పరుగున ఎక్కి దిగి, ఆ ఆయాసంలోనే "రా" అనేవాణ్ణి. జడ్జి ప్రతి అంశానికి ముందు "ఆర్ యు రెడీ?" అని అడుగుతారు. పూర్తిగా ఊపిరి వదిలాకే "రెడీ" అనాలని నియమం పెట్టుకున్నాను. అన్నిటిలోకీ ఎక్కువ పనికొచ్చింది ఇదే.

ప్రశాంతంగా ఉండమని నాకు నేను చెప్పుకోవడం మాత్రం ఎప్పుడూ పనిచెయ్యలేదు. హార్వర్డ్ బిజినెస్ స్కూల్‌కి చెందిన ఆలిసన్ వుడ్ బ్రూక్స్ 2014లో ప్రచురించిన ప్రయోగాల్లో, ఉపన్యాసానికి ముందు "నేను ప్రశాంతంగా ఉన్నాను" అని పైకి అన్నవాళ్ళకంటే "నాకు ఉత్సాహంగా ఉంది" అన్నవాళ్ళే బాగా మాట్లాడారు. దడ తగ్గించడం కష్టం. పేరు మార్చడం అంత కష్టం కాదు.

ఇక జనం ముందు అలవాటు పడాలి. ఒక ఆదివారం స్నేహితుడి పెరట్లో ఇరవైమంది ముందు రిహార్సల్ పెట్టాం. జడ్జి ఎవరనుకున్నారు? ఆ ఫిజిక్స్ లెక్చరర్‌గారే. ఎన్ని వైవాలు తీసుకున్న మనిషో! పేపరు ప్లేటు వెనక మార్కులు వేస్తూ, "భుజం!" అని గద్దించారు. అసలు రింగులో ఏ జడ్జీ నన్నంత భయపెట్టలేదు.

తర్వాత వేసిన ఎంట్రీలో 178.5 వచ్చింది. ఆపైదాంట్లో 186. కంగారు పోయిందనుకునేరు, పోలేదు. రెండుసార్లూ నోరెండింది. అడుగు మాత్రం తప్పలేదు.

మూడోదానికి మా అమ్మాయి వచ్చింది. ఎక్కడ కూర్చోమంటావని అడిగితే నీ ఇష్టమన్నాను. 181 వచ్చింది. బయటికొచ్చి చిట్టికి చీజ్ ముక్కలు పెడుతుంటే తను వచ్చి పక్కన కూలబడి, పెద్దగా ఊపిరి వదిలింది. చిట్టిని పిలిచినప్పటినుంచీ బిగపట్టుకునే కూర్చుందట.