కడియం మొక్కకు కంప్యూటర్ల బాట

కడియం (మా విలేకరి): నర్సరీలకు, పూల వ్యాపారానికి పేరుపొందిన కడియం, కడియపులంక, బుర్రిలంక, వేమగిరి గ్రామాలలో ఒకప్పుడు మొక్కలు కావలసినవారు స్వయంగా వచ్చి, తోటలు చూసి బేరం చేసుకోవలసి ఉండేది. లేదా ఉత్తరం రాసి జవాబు కోసం ఎదురుచూడాలి. నేడు తోటలో నిలబడి తీసిన ఫొటో క్షణాలలో పొరుగు రాష్ట్రంలోని వ్యాపారికి చేరుతోంది. బయానా సొమ్ము కూడా అదే దారిలో వచ్చి ఖాతాలో జమ అవుతోంది. దీని వెనుక పనిచేస్తున్నది నెట్‌వర్క్ సాఫ్ట్‌వేర్. ఇది పెద్ద చదువులు చదివినవారి వ్యవహారమని, మనకెందుకని ఊరుకోవడానికి వీలులేదు. లారీకి లోడు ఎత్తాలా, వద్దా అన్న నిర్ణయం దీని మీదనే ఆధారపడే రోజులివి.

పొట్లాల రవాణా

రెండు గాని, అంతకు మించి గాని కంప్యూటర్లను సమాచారం ఇచ్చిపుచ్చుకునేలా కలపడమే నెట్‌వర్క్. చేతిలోని సెల్‌ఫోను కూడా చిన్న కంప్యూటరే. అయితే తీగ లాగినంత మాత్రాన, టవరు నిలబెట్టినంత మాత్రాన యంత్రాలు మాట్లాడుకోవు. చిరునామా ఎలా రాయాలి, అందినట్లు రశీదు ఎలా ఇవ్వాలి, అందకపోతే ఏం చేయాలి అన్న నిబంధనలు ఉండాలి. ఆ నిబంధనల ప్రకారం పని నడిపించేదే నెట్‌వర్క్ సాఫ్ట్‌వేర్.

నర్సరీ రైతులకు ఈ సంగతి తేలికగానే బోధపడుతుంది. పెద్ద ఆర్డరు ఒక్క లారీలో పట్టదు. నాలుగు లారీలకు ఎత్తి, ఒక్కొక్కదానికి వరుస నంబరు, చిరునామా ఇచ్చి పంపుతారు. అన్నీ ఒకే దారిన పోవాలని లేదు. అవతలివారు నంబర్లు సరిచూసుకుని, మూడో లారీ రాలేదని కబురు చేస్తే మళ్లీ పంపుతారు. కంప్యూటర్లు చేసేదీ ఇదే. ఒక ఫొటోను వందలాది పొట్లాలుగా విడగొడతాయి. ఒక్కొక్క పొట్లంలో సాధారణంగా 1,500 బైట్లకు మించి ఉండదు. కాలువ లాకుల దగ్గర లస్కరు నీటిని మళ్లించినట్లు, రౌటర్లు అనే యంత్రాలు ఈ పొట్లాలను తగిన దారికి మళ్లిస్తాయి. చేరినచోట సాఫ్ట్‌వేర్ వాటిని వరుసగా పేర్చి, తప్పిపోయినదానిని తిరిగి తెప్పించుకుంటుంది.

ఈ నిబంధనలకు టీసీపీ ఐపీ అని పేరు. అమెరికాకు చెందిన వింటన్ సెర్ఫ్, రాబర్ట్ కాన్ 1974లో వీటి మూలసూత్రాలను ప్రకటించారు. 1983 జనవరి 1న అక్కడి అర్పానెట్ అనే నెట్‌వర్క్ ఈ పద్ధతికి మారింది. మన దేశంలో సామాన్య ప్రజలకు ఇంటర్నెట్ 1995 ఆగస్టు 15న విదేశ్ సంచార్ నిగమ్ ద్వారా అందుబాటులోకి వచ్చింది.

రైలు బెర్తు కథ

జిల్లా ప్రజలందరికీ అనుభవమైన మరో ఉదాహరణ రైలు రిజర్వేషన్. పూర్వం బెర్తులను రిజిస్టర్లలో రాసేవారు. కంప్యూటర్లు వచ్చిన తరువాత కూడా ఢిల్లీ, బొంబాయి, కలకత్తా, మద్రాసు, సికింద్రాబాద్ కేంద్రాలు వేటికవే విడిగా ఉండేవి. రైల్వేల కంప్యూటర్ సంస్థ 'క్రిస్' రూపొందించిన 'కాన్సర్ట్' అనే సాఫ్ట్‌వేర్ 1994లో తొలుత మన సికింద్రాబాద్‌లోనే అమలులోకి రావడం గమనార్హం. 1999 ఏప్రిల్ నాటికి ఐదు కేంద్రాలూ ఒకదానితో ఒకటి కలిశాయి. రాజమండ్రిలో నిలబడి ఢిల్లీ నుంచి తిరుగు ప్రయాణానికి టిక్కెట్టు తీసుకోగలగడం ఇలాంటి అనుసంధానం వల్లనే. ఒకే బెర్తును రెండు ఊళ్లలో ఇద్దరు ఒకేసారి అడిగితే, అది ఇద్దరికీ పోకుండా చూడడం ఈ సాఫ్ట్‌వేర్ చేసే ముఖ్యమైన పని.

సొమ్ము విషయంలో జాగ్రత్త

2016లో మొదలైన యూపీఐ చెల్లింపులూ నెట్‌వర్క్ మీద నడిచేవే. కొన్నవారి బ్యాంకుకు, అమ్మినవారి బ్యాంకుకు నడుమ నేషనల్ పేమెంట్స్ కార్పొరేషన్ కంప్యూటర్లు మధ్యవర్తిగా ఉండి, ఒక ఖాతాలో ఖర్చు, మరొక ఖాతాలో జమ రాయిస్తాయి.

అయితే ఒక సంగతి మరువరాదు. పొట్లం చెదరకుండా చేరిందా, లేదా అన్నదే సాఫ్ట్‌వేర్ చూస్తుంది. పంపినవాడు పెద్దమనిషా, మోసగాడా అన్నది దానికి తెలియదు. నిజమైన ఫొటో ఎంత వేగంగా వస్తుందో, సొమ్ము కట్టినట్లు తయారుచేసిన దొంగ రశీదు ఫొటో కూడా అంతే వేగంగా వస్తుంది. కనుక రశీదు ఫొటో చూసి లోడు ఎత్తరాదు. మన ఖాతాలో జమ పడిందో లేదో మనమే చూసుకోవాలి. సొమ్ము పంపడానికే రహస్య సంఖ్య కొట్టాలి గాని, తీసుకోవడానికి ఆ అవసరం లేదు. "అడ్వాన్సు పంపిస్తాను, పిన్ను కొట్టండి" అని ఎవరైనా అంటే అది మోసమేనని గ్రహించాలి. పొరపాటున సొమ్ము పోతే ఆలస్యం చేయకుండా 1930 నంబరుకు ఫోను చేయాలి. ఎంత త్వరగా చెబితే, ఆ సొమ్మును దారిలో నిలిపివేయడానికి అంత అవకాశం ఉంటుంది.

ఈ నాలుగు మాటలు పంచాయతీ కార్యాలయాల వద్ద, పూల మార్కెట్టులో బోర్డుపై రాసి ఉంచితే చదువురాని కూలీలకు సైతం ఒకరు చదివి వినిపించగలరు. ఇందుకు అయ్యే ఖర్చు స్వల్పం.

ఊరు దాటిన మొక్కను వెనక్కి తెచ్చినా అది బతుకుతుందన్న నమ్మకం లేదు. సొమ్ము ఖాతాలో పడిందని చూసుకున్న తరువాతనే లారీకి తాడు బిగించడం మంచిది.