వ్యాయామం ఇంట్లోనా? జిమ్‌లోనా?

"వీడియో చూస్తూ ఇంట్లోనే వ్యాయామం చేస్తున్నాను. ఇది చాలదా? నెలనెలా డబ్బు కట్టి జిమ్‌కి వెళ్లాల్సిందేనా?" ఈ సందేహం చాలామందిది. 1982లో అమెరికా నటి జేన్ ఫోండా వ్యాయామ క్యాసెట్టు విడుదలై విపరీతంగా అమ్ముడుపోయింది. ఇప్పుడు అలాంటి పాఠాలు ఫోనులోనే దొరుకుతున్నాయి. జవాబు మాత్రం మన కండరాల్లో ఉంది.

కండరం సన్నని తంతువుల కట్ట. అలవాటుకు మించిన బరువు పడినప్పుడు కండర కణాలు ప్రోటీన్ల తయారీని పెంచుతాయి. తగిన తిండి, విశ్రాంతి ఉంటే తంతువులు క్రమంగా లావెక్కుతాయి. ఆ బరువు ఇనుప గుండుదా, నీళ్ల బకెట్‌దా, మన ఒంటిదేనా అన్నది కండరానికి తెలియదు. అయితే కొంతకాలానికి అది ఆ బరువుకు అలవాటు పడుతుంది. ఆపైన అదే బరువుతో, అన్నేసిసార్లే చేస్తే ఉన్న బలం నిలుస్తుందే తప్ప పెద్దగా పెరగదు.

అందుకే గాయపడిన సైనికులకు చికిత్స చేసిన అమెరికన్ వైద్యుడు థామస్ డెలోర్మ్, బరువును క్రమంగా పెంచుతూ పోయే పద్ధతిని 1945లో ప్రకటించాడు. జిమ్‌లోని అసలు సౌకర్యం ఇదే. రోజూ ఒకే వీడియో పెట్టుకునేవారికి కొరవడేదీ ఇదే.

మరి ఇంట్లో బరువు పెంచేదెలా? నేలమీద చేతులానించి లేచే పుషప్‌నే తీసుకోండి. 60 కిలోల మనిషి మోకాళ్లు నేలకు ఆనించి చేస్తే చేతులపై పడేది సుమారు 30 కిలోలు. కాళ్లు చాచి చేస్తే దాదాపు 40 కిలోలు. పాదాలను రెండడుగుల ఎత్తు బల్లపై పెడితే 44 కిలోల దాకా పడుతుంది. ఇలాంటి వ్యాయామాల్లో నెట్టే పని ఎక్కువ, లాగే పని తక్కువ. వీపుకు లాగే పని కావాలి. దానికి బకెట్టు చాలు. లీటరు నీరంటే కిలో బరువు. ఈ వారం ఐదు లీటర్లయితే, తేలికనిపించాక ఆరు.

వీడియోకి ఒక లోపం ఉంది: మనం దాన్ని చూస్తాం, అది మనల్ని చూడదు. నడుము వంగినా, మోకాలు పక్కకు ఒరిగినా చెప్పదు. తెలిసిన శిక్షకుడు చెబుతాడు. కొత్తవారు కొన్నాళ్లయినా అలాంటివారి దగ్గర నేర్చుకోవడం మేలు. బరువెత్తేటప్పుడు ఊపిరి బిగబట్టకూడదు; రక్తపోటు ఒక్కసారిగా పెరుగుతుంది. గుండెజబ్బు, రక్తపోటు ఉన్నవారు ముందుగా వైద్యుణ్ణి సంప్రదించాలి.

ఇదంతా కండలు చూపించుకోవడానికి కాదు. మన దేశంలో 10.1 కోట్లమందికి మధుమేహం ఉందని భారత వైద్య పరిశోధన మండలి తోడ్పాటుతో జరిగి 2023లో వెలువడిన అధ్యయనం అంచనా. పనిచేస్తున్న కండరం ఇన్సులిన్ చాలకపోయినా రక్తంలోని గ్లూకోజును లాక్కోగలదు.

పెద్దవారికి వారానికి 150 నుంచి 300 నిమిషాల ఓ మోస్తరు శ్రమ, కనీసం రెండు రోజులు కండరాలకు బలాన్నిచ్చే వ్యాయామం అవసరమని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో సూచించింది. మాట్లాడగలిగి, పాట పాడలేనంత ఆయాసం వస్తే అది ఓ మోస్తరు శ్రమ. చురుకైన వీడియోతో మొదటిది తీరుతుంది. రెండోదానికి బరువు కావాలి.

కాబట్టి మానకుండా చేయగలిగిన చోటునే ఎంచుకోండి. ఎంత బరువు, ఎన్నిసార్లు అన్నది నోటుపుస్తకంలో రాయండి. నెల తర్వాతా అవే అంకెలుంటే మార్చాల్సింది చోటు కాదు, బరువు.